సదాప కుండీల లెక్క: పద్నాలుగులో మిగిలినవి నాలుగు

సదాప మొక్క మనకు కొత్తది కాదు. పసిపిల్లల ఉయ్యాలకి రెమ్మ కట్టడం, పిల్లలకి కఫం పడితే ఎండినాకుతో పొగ వేయడం మా పెద్దమ్మ తరం వాళ్ళకి తెలుసు. కానీ దీని పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండలు. అరబ్బీలో సదాబ్ అంటారు. మన సదాప ఆ మాటే. నిమ్మ, కరివేపాకు, మారేడు చెట్లన్నిటినీ కలిపి చెప్పే రూటేసీ కుటుంబానికి ఆ పేరొచ్చింది కూడా దీని లాటిన్ పేరు రూటా నుంచే.

హైదరాబాద్‌లో మేడ మీద ఏడాది పాటు పెంచాను. ఇంకెవరైనా మొదలుపెడితే నేను పోగొట్టుకున్న పది మొక్కలు వాళ్ళూ పోగొట్టుకోకూడదని ఈ డైరీ. ఎక్కడ తప్పానో అక్కడ ఎక్కువ రాశాను.

దశ 1: విత్తనాలు (అక్టోబరు, నవంబరు)

అక్టోబరు 8: నారు ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, 40 గింజలు సెంటీమీటరు లోతున పెట్టాను. మూడు వారాలకి రెండంటే రెండు మొలిచాయి. నాలుగో వారంలో ఆ రెండూ మొదలు దగ్గర సన్నగా నల్లబడి పడిపోయాయి. రోజూ రెండు పూటలా నీళ్ళు చిలకరించాను, అందుకు.

అక్టోబరు 30: కొత్త ప్యాకెట్టు, మళ్ళీ 40 గింజలు. ఈసారి ఇలా చేశాను:

1. కోకోపీట్‌లో సగం ఇసుక కలిపాను.
2. గింజల్ని పైన చల్లి అరచేత్తో నొక్కాను. మీద మట్టి కప్పలేదు.
3. ట్రే అడుగు నుంచి నీళ్ళు పీల్చుకునేలా పళ్ళెంలో పెట్టాను, రెండ్రోజులకోసారి.

తొమ్మిదో రోజు మొదటి మొలక. ఇరవై ఒకటో రోజుకి 17. కుండీలోకి మార్చేదాకా బతికినవి 9.

ఇక్కడొక పొరపాటు ఒప్పుకోవాలి. గింజలూ, లోతూ, మట్టీ, నీళ్ళూ అన్నీ ఒకేసారి మార్చేశాను. కాబట్టి ఏది పనిచేసిందో గట్టిగా చెప్పలేను. మొదటి ప్యాకెట్టు పాతదే అయి ఉండొచ్చు. మీరు చేస్తే సగం ట్రే ఒకలా, సగం ట్రే ఇంకోలా చేసి చూడండి.

లెక్క: మొక్కలు 9. ఖర్చు: గింజలు 160, ట్రే 130, కోకోపీట్ 140, మొత్తం 430 రూపాయలు.

దశ 2: కొమ్మలు (డిసెంబరు)

కర్నూల్లో మా పెద్దమ్మ ఇంటి పక్కన సదాప పొద ఉంది. కొమ్మలు అడిగితే, "అడిగి తీసుకుంటే బతకదు అమ్మాయ్. నేను లోపలికెళ్తా, నువ్వు విరుచుకో" అంది. మనీప్లాంట్ గురించి అందరూ అనే మాటే కదా అని నవ్వుకున్నాను. తర్వాత చదువుతుంటే, దొంగిలించిన సదాప బాగా పెరుగుతుందని ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా రాసి పెట్టాడు. ఆయన క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. మా పెద్దమ్మ ఆయన్ని చదివి ఉండదు.

దొంగతనం ఫలితం: పది కొమ్మలకి ఐదు బతికాయి. పద్ధతి ఇది:

1. బొటనవేలి గోరు దిగేంత లేతగానూ, పుల్లలా ముదిరిపోయీ లేని కొమ్మ, జానెడుకి తక్కువ.
2. కింది సగం ఆకులు తీసేయడం. తీయని మూడు కొమ్మలూ కుళ్ళాయి.
3. తడి ఇసుకలో గుచ్చి, ఎండ నేరుగా తగలని చోట.
4. నాలుగు వారాల పాటు లాగి చూడకుండా ఉండటం. నేను పదో రోజున రెండు లాగి చూశాను. ఆ రెండూ పోయాయి.

లెక్క: మొక్కలు 14. ఖర్చు: ఇసుక 80, మొత్తం 510.

దశ 3: మట్టి (జనవరి)

పద్నాలుగింటినీ పదంగుళాల కుండీల్లోకి మార్చాను. మిద్దె తోటల వాళ్ళంతా చెప్పే మిశ్రమమే వేశాను: ఎర్రమట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ రెండు, వర్మీకంపోస్టు ఒకటి. టమాటా, వంగ దాంట్లో బ్రహ్మాండంగా వస్తాయి. సదాప రాలేదు. మూడు వారాల్లో ఆకులు నీలం కలిసిన ఆకుపచ్చ నుంచి పసుపులోకి తిరిగాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను. మూడు మొక్కలు పోయాయి.

అప్పుడు కొలిచాను. లీటరు నీళ్ళు పోసి, పైన నిలిచిన నీరు ఇంకిపోయేదాకా ఫోన్లో టైమర్ పెట్టాను. మూడు నిమిషాల నలభై సెకన్లు! వంటింటి పెద్ద తూకం మీద కుండీ పెట్టి చూస్తే, నీళ్ళు కారడం ఆగాక 6.8 కిలోలు, మూడు రోజుల తర్వాత 6.5. అంటే మూడు రోజుల్లో 300 గ్రాముల నీరే పోయింది. వేర్లు రాత్రింబగళ్ళు తడి గుడ్డలో చుట్టుకుని కూర్చున్నట్టే.

మార్చిన మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్ళు, దొడ్డు ఇసుక రెండు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒకటి, వర్మీకంపోస్టు అర. కుండీకి చారెడు కోడిగుడ్డు పెంకుల పొడి, ఎందుకంటే ఈ మొక్క సున్నపురాతి నేలల్లో పెరిగే రకం. కోకోపీట్ పూర్తిగా మానేశాను.

కొత్త కొలతలు: లీటరు ఇంకడానికి 35 సెకన్లు. కారడం ఆగాక బరువు 7.4 కిలోలు, మూడో రోజుకి 6.6. బరువు 6.4కి దిగితేనే నీళ్ళు అని నియమం పెట్టుకున్నాను. ఒక వారం తూకం వేశాక చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది.

లెక్క: మొక్కలు 11. ఖర్చు: కుండీలు 910, ఎర్రమట్టి 150, వర్మీకంపోస్టు 120, దొడ్డు ఇసుక 100, మొత్తం 1,790.

దశ 4: గొంగళి పురుగులు (ఫిబ్రవరి)

పురుగులు దరిచేరని మొక్క అని ఎక్కడ చూసినా రాస్తారు. ఫిబ్రవరి 11న ఒక మొక్క మీద కాకి రెట్టల్లాంటివి ఏడు కనిపించాయి. పుల్లతో తోస్తే కదిలాయి. తల వెనక నుంచి నారింజ రంగులో పాము నాలుకలా చీలిన కొమ్ము బయటికొచ్చి, గుప్పున వాసన. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. మా కరివేపాకు చెట్టు మీద ఏటా చూసేవే. వాటికి కుటుంబం ముఖ్యం కాబోలు, నిమ్మయినా కరివేపాకయినా సదాపయినా ఒకటే.

నాలుగు రోజుల్లో ఆ మొక్కని ఈనెలు మిగిల్చి తినేశాయి. మందు కొట్టలేదు, తర్వాత ఆకు వాడాలి కాబట్టి. మిగతా కుండీల మీద దొరికిన వాటిని ఏరి ఆ ఒక్క మొక్క మీదే వదిలాను. అది నెల తర్వాత మళ్ళీ చిగురించింది.

లెక్క: మొక్కలు 11. ఖర్చు మారలేదు.

దశ 5: నా చెయ్యి (మార్చి)

ఈ దశ ఒక్కటి చదివినా చాలు, మిగతావి తర్వాత చూడొచ్చు.

మార్చి 16, ఆదివారం, పగలు పదకొండున్నర. పొట్టి చేతుల చొక్కా. పొదలు గుబురుగా వస్తాయని అన్నింటికీ తలలు కత్తిరించాను, గంట పని. ఏ మంటా లేదు, దురదా లేదు. మధ్యాహ్నం చేతులు నీళ్ళతో కడుక్కుని అన్నం తిన్నాను.

సోమవారం సాయంత్రానికి ఎడమ ముంజేయి ఎర్రగా వేడెక్కింది. మంగళవారం పొద్దున బొబ్బలు. వాటి ఆకారం చూసి టెన్షన్ పడ్డాను: కొమ్మలు రాసుకున్న చోటల్లా గీతలు గీతలుగా, ఎవరో కాల్చిన పుల్లతో గీసినట్టు. పెద్ద బొబ్బ నా చూపుడువేలి మొదటి కణుపంత ఉంది. చర్మం డాక్టరు చూడగానే అడిగిన మొదటి మాట, "ఏం చెట్టు ముట్టుకున్నారమ్మా? ఎండలోనా?"

జరిగింది ఇది. సదాప రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మం కాలుతుంది. నీడలో ముట్టుకుంటే ఏమీ తెలియకపోవచ్చు. ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకి వాడే బావంచాల్లోని సొరాలెన్ కూడా ఈ జాతిదే. అక్కడ లెక్కతో వాడతారు, నేను లెక్క లేకుండా పూసుకున్నాను. బొబ్బలు పది రోజుల్లో ఆరాయి. గోధుమరంగు గీతలు జూన్ మొదటి వారం దాకా ఉన్నాయి.

విసుగు పుట్టించిన సంగతి ఏంటంటే, సదాపలో కలుపు తీసేటప్పుడు చేతులకి తొడుగులైనా వేసుకోవాలి, నూనైనా రాసుకోవాలి, లేకపోతే దురదపుండ్లు వస్తాయని అదే ప్లినీ రాశాడు. దొంగతనం ముక్క చదివి నవ్వుకున్న రోజున ఇంకాస్త ముందుకి చదవాల్సింది.

అప్పట్నుంచి నియమాలు:

1. కత్తిరింపు సూర్యాస్తమయం తర్వాతే.
2. మోచేతి దాకా రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా.
3. పని అవగానే సబ్బుతో కడగడం, కత్తెరనీ కడగడం.
4. పిల్లలు ఆడుకునే వైపు కుండీలు పెట్టకపోవడం.

లెక్క: మొక్కలు 11. ఖర్చు: తొడుగులు 150, డాక్టరు ఫీజు, మందులు 900, మొత్తం 2,840.

దశ 6: పూలు, ఎండలు (ఏప్రిల్, మే)

ఏప్రిల్‌లో కొమ్మల నుంచి వచ్చిన మొక్కలు పూశాయి. చిన్న పసుపు పూలు. గుత్తి మధ్యలో పూవుకి ఐదు రేకులు, చుట్టూ ఉన్నవాటికి నాలుగేసి. భూతద్దం పెట్టి ఒక పూవుని రెండు రోజులు చూశాను. కేసరాలన్నీ మొదట రేకుల మీదకి వెల్లకిలా పడుకుని ఉంటాయి. తర్వాత ఒకటి లేచి మధ్యలో కీలం దగ్గరికి వంగి నిలబడుతుంది. దాని వంతు అయ్యాక ఇంకొకటి లేస్తుంది. రేషన్ షాపు ముందు లైను కూడా ఇంత క్రమంగా ఉండదు.

అదే భూతద్దంలో ఇంకొకటి తెలిసింది. రేకుల అంచున కొంగుకి కుచ్చులు కట్టినట్టు సన్నటి పోగులు. అంటే పెద్దమ్మ మొక్క రూటా గ్రావియోలెన్స్ అనే రకం కాదు, దాని చెల్లెలు రూటా చలెపెన్సిస్. చలెప్ అంటే సిరియాలోని అలెప్పో. ప్యాకెట్టు గింజల మొక్కలు గ్రావియోలెన్స్ అని రాసి అమ్మినవి. ఇక మీదట రెండు రకాల లెక్కా విడిగా రాశాను: గింజవి ఏడు, కొమ్మవి నాలుగు.

ఎండల గురించి అనుకున్నంత భయం అక్కర్లేకపోయింది. 42 డిగ్రీల రోజున కూడా ఆకు వాడలేదు. మధ్యాహ్నం నీడ కోసం యాభై శాతం షేడ్ నెట్ కట్టాను. ఊరికెళ్ళి ఐదు రోజులు నీళ్ళు పోయకపోతే గింజ మొక్క ఒకటి పోయింది, అంతే.

లెక్క: మొక్కలు 10. ఖర్చు: షేడ్ నెట్ 350, మొత్తం 3,190.

దశ 7: వానలు (జూన్ నుంచి ఆగస్టు)

ఎండాకాలం గట్టెక్కామంటే అయిపోయిందనుకున్నాను. జూన్ చివర్లో నాలుగు రోజుల ముసురు. జూలై 3న రెండు మొక్కలు తలలు వాల్చాయి. మట్టి తడిగానే ఉంది, ఆకు మాత్రం నీళ్ళు లేనట్టు వేలాడుతోంది. ఒకదాన్ని పెకలించి కడిగాను. వేరు గోధుమరంగులో ఉంది. వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు మునక్కాయ తొక్కలా జారి, లోపల దారం మిగిలింది. కుళ్ళు వాసన. జూలై 20కి మొత్తం ఐదు పోయాయి.

మధ్యధరా తీరంలో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. అక్కడ వేడీ తడీ ఒకేసారి రావు. మన దగ్గర జూలైలో రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తాయి. నేను ఏప్రిల్ ఎండకి గొడుగు పట్టాను, పట్టాల్సింది జూలై వానకి.

చేసిన మార్పులు:

1. మెట్ల గది పక్కన పాలికార్బనేట్ రేకు ఏటవాలుగా బిగించి, కుండీలన్నీ దాని కిందకి చేర్చాను.
2. ప్రతి కుండీనీ రెండు ఇటుకల మీద ఎత్తి, అడుగున ఇంకో నాలుగు రంధ్రాలు పెట్టాను.
3. మట్టి మీద అంగుళం మందాన కంకర పరిచాను, మొదలు తడవకుండా.
4. కింది కొమ్మలు తీసేసి గాలి ఆడేలా చేశాను, సాయంత్రం పూట, తొడుగులతో.

ఆగస్టులో ఇంకొకటి పోయింది, అది అప్పటికే పాడైన మొక్క. తర్వాత పోలేదు.

పెద్దమ్మకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేస్తే, "చూరు కింద పెట్టలేదా?" అంది. తన పొద పెంకుటింటి చూరు కింద, సున్నం కొట్టిన గోడకి ఆనుకుని ఉంటుంది. వాన నేరుగా పడదు. పాతికేళ్ళుగా పెచ్చులూడిన సున్నం మొదట్లోనే పడుతోంది. కొమ్మలు విరుచుకున్న రోజున అవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి.

"మరి ముందే చెప్పొచ్చు కదా పెద్దమ్మా?"

"నువ్వు అడగలేదుగా."

లెక్క: మొక్కలు 4, కొమ్మవి మూడు, గింజది ఒకటి. ఖర్చు: రేకు, బిగింపు 1,200, మొత్తం 4,390.

దశ 8: పాత వాడకాలు, నేను చేసి చూసినవి (సెప్టెంబరు)

ముందే చెప్పాల్సింది. సదాప ఎక్కువ మోతాదులో విషం. గర్భం పోగొట్టడానికి పూర్వం దీన్ని వాడిన చరిత్ర ఉంది. గర్భిణులు అసలు నోట్లో పెట్టకూడదు. పసిపిల్లలకి రసం పట్టడం, ఒంటికి రాయడం లాంటివి నేను చేయలేదు, చేయమని చెప్పను. నేను రుచి చూసింది ఆకు ముక్కల లెక్కలో.

*రోమన్ రోటి పచ్చడి.* రోమన్ల కాలపు ఒక లాటిన్ కవితలో పేద రైతు పొద్దున్నే లేచి, నాలుగు వెల్లుల్లిపాయలు, ఉప్పు, గట్టి జున్ను, సదాప, ధనియాల మొక్క, ఇంకో ఆకు రోట్లో నూరతాడు. ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ నూరతాడు. చివర్లో ఆలివ్ నూనె, వెనిగర్ చుక్కలు. చదవగానే మా రోలు గుర్తొచ్చింది. రెండు రెబ్బల వెల్లుల్లి, 100 గ్రాముల ఉప్పు చీజ్, గుప్పెడు కొత్తిమీరతో మొదటిసారి సదాప మూడు గ్రాములు వేశాను. వేలితో నాకి చూసి పారేశాను. చేదు గంటసేపు నాలుక వదల్లేదు. రెండోసారి ఆరు చిట్టి ఆకులు, తూకంలో 0.3 గ్రాములు. ఇది బాగుంది. చేదు వెనక్కి వెళ్ళి, నారింజ తొక్కలాంటి వాసన ముందుకొచ్చింది. మా అమ్మ రొట్టె ముక్క ముంచి తిని, "పచ్చిమిరపకాయ వేస్తే తినొచ్చు" అంది.

*కాఫీ.* ఇథియోపియాలో సదాపని తెనా ఆదం అంటారు, ఆదాము ఆరోగ్యం అని. కాఫీ కప్పులో ఒక రెమ్మ ముంచుతారు. అక్కడిదీ చలెపెన్సిస్సే, కాబట్టి పెద్దమ్మ మొక్కే వాడాను. పాల కాఫీలో కుదరలేదు, పాల వాసనతో కలిసి ఏదో మందు తాగినట్టుంది. డికాషన్‌లో, వేలి కొసంత రెమ్మని అర నిమిషం ముంచి తీసేస్తే చాలా బాగుంది. రెండు నిమిషాలు ఉంచితే చేదు.

*బియ్యంలో పురుగు.* 200 గ్రాముల పచ్చి ఆకు నీడన ఆరబెడితే తొమ్మిది రోజులకి 46 గ్రాములైంది. అరకిలో బియ్యం చొప్పున రెండు సీసాల్లో ఇరవయ్యేసి ముక్కుపురుగులు వేసి, ఒకదాంట్లో పది గ్రాముల ఎండు సదాప మూటకట్టి పెట్టాను. పదిహేను రోజులకి సదాప సీసాలో బతికినవి 14, ఉత్త సీసాలో 17. ఆ తేడాని నేను నమ్మను. పైగా బియ్యం కడిగినా వాసన పోలేదు. వేపాకే నయం.

*పిల్లి.* సదాప ఉన్నచోటికి పిల్లులు రావంటారు. మా కింది వాటా వాళ్ళ పిల్లి రోజూ మధ్యాహ్నం నేను పరిచిన కంకర మీదే, సదాప మొదట్లో, పడుకుంటోంది.

*దిష్టి.* నేపుల్స్‌లో సదాప కొమ్మ ఆకారంలో వెండి తాయెత్తు చేసి పిల్లలకి కట్టేవారు, చిమరూటా అని. మన ఉయ్యాల రెమ్మకి అదే అర్థమా అని పెద్దమ్మని అడిగితే, "దిష్టికే కాదు, దోమలకి కూడా" అంది. దీన్ని కొలిచే పద్ధతి నాకు తోచలేదు.

చేయనివి: నల్లసముద్రం ఒడ్డు రాజు మిత్రిడేట్స్ విషానికి విరుగుడుగా రాసుకున్నాడని చెప్పే మందు. ఎండు అక్రోట్లు రెండు, అంజూరాలు రెండు, సదాపాకులు ఇరవై, ఉప్పురాయి, అన్నీ నూరి పరగడుపున తినాలట. ఇరవై ఆకులు దగ్గరే ఆగిపోయాను.

లెక్క: మొక్కలు 4. ఖర్చు: చీజ్, ఆలివ్ నూనె చిన్న సీసా 220, మొత్తం 4,610.

అక్టోబరు 12

చలెపెన్సిస్ మూడింటి నుంచి ఎనిమిది కొమ్మలు తీసి ఇసుకలో గుచ్చాను. సాయంత్రం ఆరున్నరకి, తొడుగులు వేసుకుని. మెట్ల గది గోడకి పక్కింటి తాపీమేస్త్రీ చేత మిగిలిన సున్నం ఒక పూత వేయించాను, టీ డబ్బులు 40. మొత్తం 4,650. నవంబరు 9 దాకా లాగి చూడను.